టైరు మీద రాడ్డు చప్పుడు

ఎల్బీనగర్‌లో మా సందు వాళ్ళెవరికీ అలారంతో పనిలేదు. తెల్లవారగానే మా ఇంటి ఓనరు విశ్వేశ్వరరావు గారు ఇనుప రాడ్డు పట్టుకుని గేటు దగ్గరికి వస్తారు. అక్కడ నిలబెట్టిన ప్రతి బండి టైరు మీదా ఒక దెబ్బ వేసి చెవి పెట్టి వింటారు. టంగుమంటే గాలి నిండుగా ఉన్నట్టు, బొద్దుమంటే తగ్గినట్టు. లారీల వాళ్ళ పద్ధతి అది. లారీలు అమ్మేసి చాలా కాలమైనా ఆయన చేతిలోంచి రాడ్డు మాత్రం దిగలేదు.

ఆయనది గుడివాడ వైపు. ఒక్క లారీతో హైదరాబాద్ వచ్చి ఇక్కడి ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు పెట్టి, ఉన్నంతకాలం డ్రైవర్లను అనుమానిస్తూనే బతికారు. స్టెప్నీ టైరు మార్చేస్తారని టైర్ల లోపలివైపు సుద్దముక్కతో గుర్తులు పెట్టేవారట. "వాళ్ళు టీ తాగరమ్మాయ్, నా డీజిలు తాగుతారు" అని నాతో ఎన్నిసార్లు అన్నారో. ఇప్పుడు డ్రైవర్లు లేరు కాబట్టి ఆ అనుమానమంతా పై వాటాలో కిరాయికున్న మా మీద పడింది. నీళ్ళ మోటారు రెండు నిమిషాలు ఎక్కువ తిరిగితే మెట్ల కింద నిలబడి దగ్గుతారు. ఆ దగ్గు వింటే నాకు ఒళ్ళు మండేది.

ఆయన్ని ఎక్కువ అనడానికీ లేదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అమ్మాయిల హాస్టల్ వార్డెన్ని. అనుమానించడానికే నాకు జీతమిస్తారు. కోచింగ్ క్లాసుకని వెళ్ళిన పిల్ల పుస్తకం లేకుండా తిరిగొస్తే ముందు చెప్పుల మీది దుమ్ము చూస్తాను. అందుకేనేమో, తిట్టుకుంటూనే ఆయన్ని అర్థం చేసుకునేదాన్ని.

ఈ కథంతా ఆయన కూతురు అలేఖ్య కొన్న కారుతో మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్ల, చేతులు మారి వచ్చిన ఒక విదేశీ స్పోర్ట్స్ కారు తెచ్చింది. ఇంజన్ బలమంతా వెనక చక్రాలకే వెళుతుంది. స్టార్ట్ చేస్తే మా వంటగదిలో గ్లాసులు గలగలలాడతాయి. వాళ్ళమ్మ కుసుమకుమారి ఆంటీ దాన్ని కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గరికి తీసుకెళ్ళి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి తెచ్చింది. ఊరి బయట ఒక ట్రాక్ మీద ఆదివారాలు పోటీలు పెడతారు. తిన్నగా ఉన్న దారిలో ఎవరు ముందు కొస చేరితే వాళ్ళు గెలిచినట్టు. అక్కడ మొదటి క్షణమే ముఖ్యం, బయల్దేరడంలో వెనకబడితే ఇక అందుకోలేరు.

ఆ కారు పని చూడ్డానికి అలేఖ్య మా తమ్ముడు జాషువాను పెట్టుకుంది. ఇంజనీరింగ్ చదివి, షోరూముల్లో నిలవలేక, ఇంట్లో కూర్చున్న వాడికి ప్రాణం లేచొచ్చింది. విశ్వేశ్వరరావు గారికి మాత్రం ఆ రోజు నుంచి నిద్ర పట్టలేదు.

మొదటి పోటీలో పచ్చ లైటు పడగానే కారు ఉన్నచోటే గిర్రున చక్రాలు తిప్పింది. పొగ లేచింది, రబ్బరు కంపు కొట్టింది, పక్క కారు వెళ్ళిపోయింది. తరువాతి పోటీలోనూ అంతే. ఆ పై పోటీలోనూ అంతే. ఇంటి ముందు ఖాళీ రోడ్డు మీద సాయంత్రం చూసినప్పుడు చక్కగా పట్టుకుని కదిలే కారు, మర్నాడు ట్రాక్ మీద సబ్బు మీద కాలేసినట్టు జారేది.

అక్కణ్ణుంచి ఇల్లంతా అనుమానమే. జాషువా అలేఖ్య కాలిని అనుమానించాడు.

"ఎక్సిలేటర్ ఒక్కసారే తొక్కుతున్నవ్ అలేఖ్యక్కా. జర మెల్లగ పెంచాలె."

"మెల్లగానే తొక్కుతున్నాను జాషువా. నువ్వే ఏదో సరిగ్గా పెట్టట్లేదు" అని ఆ పిల్ల ముఖం తిప్పుకుంది.

విశ్వేశ్వరరావు గారైతే తేల్చేశారు. ఒకరోజు నన్ను మెట్ల దగ్గర ఆపి, గొంతు తగ్గించి అడిగారు. "మీ తమ్ముడు మేడమీదికెక్కి ఎవరితోనమ్మా ఫోను? పోటీకొచ్చే అవతలి కారు షెడ్డు వాళ్ళు వాడికేమన్నా ఆశ చూపించారా?"

"మా తమ్ముడు అసుంటోడు గాదు అంకుల్" అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రి వాడు ఫోను పట్టుకుని మేడెక్కుతుంటే వెనకే వెళ్ళి తలుపు పక్కన నిలబడ్డాను. సొంత తమ్ముడి మీద నిఘా పెట్టిన నా బతుకు చూసి నాకే అసహ్యమేసింది. ఇలాంటి కార్లే చూసే బెంగుళూరు స్నేహితుణ్ణి "ఏం జేసినా పట్టు దొరుకుతలేదు రా" అని అడుగుతున్నాడు వాడు. ఏడుపు గొంతు. నమ్మాలనే ఉంది. కానీ నేను విన్నది ఒక్క రోజే కదా అని నాలోని వార్డెన్ గొణిగింది.

తరువాతి పోటీకి ముందు విశ్వేశ్వరరావు గారు తీర్పు చెప్పేశారు. "ఈసారి కూడా బండి అక్కడే తిరిగిందంటే మీ వాడు నా గేటు లోపల అడుగు పెట్టడానికి వీల్లేదు. ఎందుకు పంపించానో అడిగిన షెడ్డు వాళ్ళందరికీ చెప్తాను." అలాంటి పేరు పడ్డవాణ్ణి ఈ ఊళ్ళో ఏ షెడ్డువాడు రానిస్తాడు? ఆదివారం చర్చి మానుకుని నేనూ ట్రాక్ దగ్గరికి బయల్దేరాను.

కారు ట్రక్కు మీంచి దిగింది. జాషువా బానెట్ తెరిచి ఇంజన్‌లో తల దూర్చాడు. విశ్వేశ్వరరావు గారు గోనెసంచిలోంచి రాడ్డు తీశారు. ఇది ఇక్కడికీ తెచ్చారా అనుకున్నాను. ముందు టైర్లు రెండూ టంగుమన్నాయి. వెనక టైరు బొద్దుమంది. రెండోదీ బొద్దుమంది.

"దొరికాడు!" అని అరిచారాయన. పక్క షెడ్ల వాళ్ళంతా తిరిగి చూశారు. "చూడండయ్యా, వెనక రెండు టైర్లలోనూ గాలి తీసేశాడు! ఇవాళ కాదు, పోటీకి ముందు ప్రతిసారీ ఇంతే. ప్రతిసారీ పొద్దున్నే లేచి నేను కాలి పంపుతో నిండా కొడుతున్నాను కాబట్టి సరిపోయింది. ఈసారి కావాలనే కొట్టలేదు. అందరి ముందూ పట్టుకుందామని!"

జాషువా మెల్లగా బానెట్ లోంచి తల ఎత్తాడు. అలేఖ్య హెల్మెట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నాన్నా, ప్రతిసారీ నువ్వు గాలి కొట్టావా?"

"కొట్టకుండా వదిలేస్తానా?"

"గాలి నేనే తక్కువ పెడ్తున్న అంకుల్" అన్నాడు జాషువా. వాడి గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువుంది. "తక్కువుంటే టైరు నేల మీద వెడల్పుగ పరుచుకుంటది, రోడ్డును పట్టుకుంటది. నిండుగుంటే రాయిలెక్కయి ఉన్నకాడనే తిరుగుతది. రాత్రి పెట్టిన గదా అని ఈడికొచ్చినంక మళ్ళ చూడలె. గది నా తప్పే."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆయన్ని పట్టుకుని కుదిపేయాలన్నంత కోపమూ వచ్చింది. మా తమ్ముణ్ణి దొంగన్నారు, తీరా చూస్తే కారును ఓడించింది ఆయన కాలి పంపే. కానీ విశ్వేశ్వరరావు గారు రాడ్డు పక్కన పెట్టి, వెనక టైరు ముందు గొంతుక్కూర్చున్నారు.

"మా వెంకటేశ్వరరావు ఇట్టాగే పోయాడు" అన్నారు. ఆయన మొదటి లారీ డ్రైవరు అతను. "సూర్యాపేట దాటాక టైరు పేలింది. గాలి తగ్గిందని ఎవడూ చూసుకోలేదు. నేనూ చూడలేదు ఆ రోజు. ఇప్పుడు మెత్తటి టైర్లతో నా పిల్లని ఆ వేగంలో పంపమంటావా?"

"మీ లారీ బరువుతోని ఎండల దినమంతా ఉరికింది అంకుల్. ఇది శానా చిన్న దూరం. టైరు వేడెక్కి పేలేంత దాకా పోదు. వాపసు ఒచ్చినంక నేనే మళ్ళ నింపుత."

ఆయన నమ్మలేదు. సంచిలోంచి కాలి పంపు తీసి వెనక టైరు పక్కన పెట్టారు. కాలు దాని మీద వేసి, తొక్కకుండా తలెత్తి జాషువాను చూశారు. "మీ అక్కని కూర్చోబెడతావా ఇందులో?"

"కూసోబెడ్త" అన్నాడు వాడు, నన్ను ఒక్క మాట అడగకుండా.

పోటీకి ముందు ప్రాక్టీసు పరుగుకి పక్క సీట్లో మనిషిని కూర్చోనిస్తారట. ఎవరిదో హెల్మెట్ నా తల మీద బోర్లించారు. యేసయ్యా, యేసయ్యా అనుకుంటూ బెల్టు పట్టుకున్నాను. అలేఖ్య కారును కొద్దిగా ముందుకీ వెనక్కీ కదిపింది, ఆగింది, కాలు మెల్లగా నొక్కింది. ఒక్కసారిగా కాదు. కారు వెనక భాగం నేలకు అదుముకుంది. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరగలేదు. నా వీపు సీటుకు అతుక్కుపోయింది, కళ్ళజోడు ముక్కు మీంచి జారి ఎటో పోయింది. పొగ లేదు, కంపు లేదు. రోడ్డు మాత్రం మా మీదికి దూసుకొచ్చింది.

తిరిగొచ్చాక సీటు కింద వెతికి కళ్ళజోడు తీసుకుని దిగాను. విశ్వేశ్వరరావు గారు మొదట వెనక టైర్ల దగ్గరికే వెళ్ళి అరచేత్తో తడిమి చూశారు. ఆ తరువాతే నా వైపు తిరిగి, "బాగానే ఉన్నావా అమ్మాయ్?" అన్నారు. తలూపాను. ఆయన పంపు తీసుకెళ్ళి సంచిలో పెట్టేశారు.

అసలు పోటీకి అలేఖ్య ఒక్కతే వెళ్ళింది. కారు గీత దగ్గర నిలబడగానే ఆయన ట్రాక్‌కి వీపు తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. పక్కన నిలబడ్డ జాషువా మోచెయ్యి పట్టుకున్నారు. ఇంజన్ మోత ఒక్కసారి పెరిగి దూరమైపోయింది.

"పట్టిందా?" అని అడిగారు.

"పట్టింది అంకుల్. సీదా పోతున్నది."

"నిజం చెప్పు."

"నిజమే అంకుల్."

నేనైతే తిరిగి చూసేస్తారనుకున్నాను. ఆయన తిరగలేదు. కళ్ళు తెరవకుండానే, జాషువా మోచెయ్యి వదలకుండానే, సరే అన్నారు.