డ్రైవర్ లేని బండిలో డాన్యూబ్ నది కింద

రిటైరైన వాళ్లు కాశీకి పోతారు, మరీ ముచ్చటపడితే దుబాయికి పోతారు. నేను బుడాపెస్టుకి పోతున్నానంటే మట్టెవాడలో మా వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. అడిగిన వాళ్లందరికీ ఒకటే చెప్పాను. అక్కడ నేల కింద డ్రైవర్ లేకుండా నడిచే మెట్రో ఉంది, అందులో ముందు అద్దం దగ్గర ప్రయాణికులే నిలబడవచ్చు. కాజీపేట డిపోలో ముప్పై ఆరేళ్లు ఇంజన్ల మీద బతికినవాణ్ని, నా కుర్చీ ఖాళీగా ఉంటే బండి ఎట్లా పోతుందో చూడాలనిపించింది. ఇది అబద్ధం కాదు గానీ, పూర్తి నిజం కూడా కాదు. వేగంగా పోయే రైలు ముందు అద్దంలోంచి పట్టాలు చూసి నాకు పందొమ్మిదేళ్లయింది. మళ్లీ చూస్తే ఏం కనిపిస్తుందో తేల్చుకోవాలని పోయాను.

ఆ సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. చలికాలం, తెల్లవారే వేళ, సిర్పూర్ దాటాక అడవిలో బొగ్గు బండి నడుపుతున్నాను. పక్కన నా అసిస్టెంట్ యాకూబ్. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. ఇంజన్‌లో మాకొక పద్ధతి ఉంది. సిగ్నల్ కనబడగానే ఒకరు చెయ్యెత్తి దాని రంగు గట్టిగా పలకాలి, రెండోవారు అదే మాట తిరిగి పలకాలి. ఇద్దరి కళ్లూ చూశాయనడానికి అదే రుజువు. ఆ రోజు పొగమంచులో పచ్చ దీపం చూసి చెయ్యెత్తి "గ్రీన్" అన్నాను. యాకూబ్ "గ్రీన్" అన్నాడు. మరుక్షణమే పట్టాల నడుమ ఒక మనిషి కనిపించాడు. తలకు తువ్వాలు, కుడి చెయ్యి పైకెత్తి, అరచెయ్యి మా వైపు పెట్టి నిలబడ్డాడు. కదలడం లేదు, భయపడటం లేదు. "ముందట మనిషి!" అని అరిచి ఎమర్జెన్సీ బ్రేకు వేశాను. యాకూబ్ నుంచి బదులు రాలేదు.

బండి ఆగేసరికి దాదాపు కిలోమీటరు దాటింది. వెనక్కి నడిచి వెతికాం. శవం లేదు, నెత్తురు లేదు, ఇంజన్ ముందు భాగంలో పేరుకున్న దుమ్ము మీద గీత కూడా పడలేదు. విచారణలో యాకూబ్ తనకెవరూ కనబడలేదనీ, ఆ సమయంలో క్యాబిన్ లైటు వెలుగుతోందనీ రాసిచ్చాడు. పెద్దసారు నాతో మెత్తగానే అన్నాడు, "లోపల లైటుంటే అద్దంలో నీ బొమ్మే పడుతుందయ్యా, నువ్వెత్తిన చెయ్యే నీకు కనబడింది" అని. చలికి ఆ రోజు నా తలకీ తువ్వాలే ఉంది మరి. లైటు వేసి ఉందో లేదో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. కళ్లు పరీక్షించారు, మనసు పరీక్షించారు, ఏ లోపమూ దొరకలేదు. అయినా మెయిన్ లైన్ నుంచి తప్పించి యార్డులో షంటింగ్‌కి వేశారు. మిగిలిన పదిహేడేళ్లూ మనిషి నడక వేగంతో వ్యాగన్లు అటూ ఇటూ తోశాను. యాకూబ్ మీద నాకు కోపం రాలేదు. చూడలేదు కాబట్టి చూడలేదన్నాడు. ఆ తర్వాత వాడూ లోకో పైలట్ అయ్యాడు. ప్రతి రంజానుకీ షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని మా ఇంటికొస్తాడు.

ఇక ప్రయాణం. యాకూబ్ బావమరిది ఖాజా బుడాపెస్టులో ఒక ఇండియన్ హోటల్లో వంట చేస్తాడు. "ఒక్కసారి వచ్చిపోర్రి" అని రెండేళ్లుగా పిలుస్తుంటే, నవంబరులో యాకూబ్ సెలవు పెట్టాడు, నేనూ బయలుదేరాను. మా ఆవిడ సరోజ మోకాళ్ల నొప్పులకి ఆ చలి పనికిరాదని ఉండిపోయింది. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కి రైల్లో రెండు గంటలు, అక్కణ్నుంచి శంషాబాద్‌కి బస్సు, దోహాలో నాలుగు గంటలు పడిగాపులు. మేం కొన్నప్పుడు రానుపోను టికెట్ మనిషికి అరవై రెండు వేలు పడింది. వీసాకి కనీసం నెలన్నర ముందు నుంచే తిరగాలి. బుడాపెస్టు ఎయిర్‌పోర్టు నుంచి 100ఇ అనే బస్సు నేరుగా ఊరి నడిబొడ్డుకి తెస్తుంది. దానికి మామూలు టికెట్ పనికిరాదు, వేరే కొనాలి. మేం కెలెటీ అనే పెద్ద రైల్వే స్టేషన్ దగ్గర ఖాజా గదిలో దిగాం.

మొదటి మూడు రోజులూ యాకూబ్ ఆ డ్రైవర్ లేని మెట్రో మాట ఎత్తనివ్వలేదు. "బండి చూసుడేందన్నా, జిందగీ అంతా బండ్లే చూస్తిమి. నది మీద పడవ ఎక్కుదాం పా" అనేవాడు. పడవ ఎక్కాం. కోట ఎక్కాం. వేడినీళ్ల స్నానాలకి పోయి, లాగుల మీద అంతమంది ముందు నిలబడలేక ఇద్దరం మెడదాకా నీళ్లలో దాక్కున్నాం. ఊళ్లో అన్నిటికన్నా పాత మెట్రో, పసుపు పెట్టెలది, అది కూడా ఎక్కాం. అది నేలకి రెండు మెట్లు కిందే పోతుంది, బొమ్మ రైలంత ముద్దుగా ఉంటుంది. దానికి యాకూబ్ ఏ అడ్డూ చెప్పలేదు. డ్రైవర్ లేని నాలుగో లైను పేరెత్తితే మాత్రం వాడికి తలనొప్పి వచ్చేది.

నాలుగో రోజు పొద్దున చపాతీలు కాలుస్తూ ఖాజాయే దారి చెప్పాడు. "ఎనిమిదింటికి పోతే నిలవడెటానికి సుత జాగుండదు రాజన్నా. పది దాటినంక పోర్రి. ముందటి డబ్బాల ఎక్కుర్రి, అద్దం కాడ నిలవడొచ్చు. నేను రోజు గా బండ్లనే పోతాన."

"డ్రైవర్ లేకుంటే నీకు బుగులు కాదా?" అని అడిగాను.

"డ్రైవర్ ఉంటే మాత్రం ఆయన మొఖం ఎవ్వలు చూస్తరన్నా!" అని నవ్వాడు. యాకూబ్ నవ్వలేదు.

పదింటికి బయల్దేరాం. ఊరంతా పొగమంచు, ఎదురుగా ఉన్న స్టేషన్ గడియారం కూడా మసకగానే కనబడింది. ఇరవై నాలుగు గంటల పాసు మేం వెళ్లినప్పుడు రెండున్నర వేల ఫోరింట్లు, మన డబ్బులో ఇంచుమించు ఆరు వందలు. ఒక్కసారికే టికెట్ కొంటే లోపలికి పోయేముందు మిషన్లో గుద్దించుకోవాలి, మరిచిపోతే జరిమానా. ఎస్కలేటర్ మీద కాలు పెట్టాం. అది మన షాపింగ్ మాల్లో దానికన్నా జోరుగా పోతుంది, ఎంతకీ కింది కొస కనబడదు. పక్క మెట్ల మీద పైకొచ్చే మనుషులు ఒక్కరూ మాట్లాడటం లేదు. కింద ప్లాట్‌ఫాం మీద శుభ్రమైన వెలుతురు, ఎక్కణ్నుంచో చల్లటి గాలి. బండి రాకముందే సొరంగంలోంచి ఆ గాలి వచ్చి ముఖానికి తగిలింది. తర్వాత రెండు దీపాలు వచ్చాయి. దీపాల పైన అద్దం, అద్దం వెనక ఎవరూ లేరు. అలవాటుగా డ్రైవర్‌కి చెయ్యి ఊపబోయి ఆపుకున్నాను.

మొదటి పెట్టెలో కొస దాకా పోయి నిలబడ్డాం. నా కుర్చీ ఉండాల్సిన చోట మూత వేసి తాళం పెట్టిన ఒక పెట్టె ఉంది, అంతే. తలుపులు వాటంతటవే మూసుకున్నాయి, ఒక ఆడగొంతు మనకు తెలియని భాషలో ఏదో చెప్పింది, బండి కదిలింది. ఎవరూ బ్రేకు వదల్లేదు, ఎవరూ హారన్ కొట్టలేదు. సొరంగం గుండ్రంగా, బూడిద రంగులో, వంపులు తిరుగుతూ మా మీదికి వచ్చేస్తోంది. దూరంగా ఒక పచ్చ దీపం కనబడింది. నాకు తెలియకుండానే చెయ్యి లేచింది. "గ్రీన్" అన్నాను. యాకూబ్ పలకలేదు. కళ్లు బూట్ల మీదే పెట్టుకుని నిలబడ్డాడు.

రాకోసి, కాల్విన్, ఆ తర్వాత ఫొవామ్ స్టేషన్. అక్కడ కాంక్రీటు దూలాలు పైన అడ్డదిడ్డంగా ఒకదాని మీదొకటి దాటుకుంటూ ఉంటాయి. అది దాటితే డాన్యూబ్ నది కిందికి దిగుతాం. బండి ముక్కు కిందికి వంగింది. చెవులు కొంచెం మూసుకుపోయినట్టయింది. నిన్న మేం పడవలో తిరిగిన నది ఇప్పుడు నా నెత్తి మీద ఉంది, ఆ పడవలూ ఆ నీళ్లూ అన్నీ పైన. ఇంకో పచ్చ దీపం వచ్చింది. చెయ్యెత్తాను. దీపం దాటిపోయింది, చీకటి చిక్కబడింది, ఆ చీకట్లో పట్టాల నడుమ ఒక మనిషి కుడి చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. మేం ఎంత జోరుగా పోతున్నా అంతే దూరంలో ఉన్నాడు.

నా గొంతు నాకే వినబడనంత మెల్లగా అన్నాను, "ముందట మనిషి."

"ముందట మనిషి!"

యాకూబ్ కేక అది, ఎప్పుడు తలెత్తి చూశాడో. పెట్టెలో అందరూ తలలు తిప్పారు. వాడి కుడి చెయ్యి బ్రేకు కోసం పోయి ఆ తాళం పెట్టెని ధడేల్‌మని కొట్టింది. అప్పటికే ఎదర వెలుతురు వచ్చేసింది, మనిషి చెరిగిపోయాడు, బండి తనకు తానే ఆగింది. గెల్లెర్ట్ స్టేషన్. పందొమ్మిదేళ్ల కింద రావలసిన బదులు నాకప్పుడు వచ్చింది.

దిగి బల్ల మీద కూర్చున్నాం. ఆ స్టేషన్ గోడల నిండా చిన్న చిన్న పలకలు సుడులు తిరుగుతూ అతికించి ఉంటాయి, చూస్తుంటే తల తిరుగుతుంది. యాకూబ్ గోడ వైపే చూస్తూ మాట్లాడాడు.

"గా దినం లైటు ఏసిలేదన్నా. సిగ్నల్ మంచిగ కనవడతలేదని నువ్వే బంద్ చెయ్యమన్నవు, నేనే బంద్ చేసిన. గా మనిషిని నేను సుత చూసిన. నీకంటె ముందుగాల్నే చూసిన. నోరు పెగల్లే."

"మరి అట్ల ఎందుకు రాసిచ్చినవు?"

"కొత్త నౌకరి. మనిషి ఉండె అంటే పోలీసు కేసయితదని బుగులైంది. ఎవ్వలు లేరంటె ఇద్దరం బయటపడ్తమనుకున్న. నిన్ను యార్డుకు ఏస్తరని నాకెర్కలేదన్నా, అల్లా మీద ఒట్టు. ఏసినంక చెప్దామంటె... రేపు చెప్త, రేపు చెప్త అనుకుంటనే ఇన్నేండ్లాయె."

చెంప పగలగొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యి లేచింది కూడా. పదిహేడేళ్లు యార్డులో తోసిన వ్యాగన్లు, "కళ్లు పోయిన రాజయ్య" అని వెనక నవ్విన నవ్వులు, నా కళ్లని నేనే అనుమానించుకున్న రాత్రులు, అన్నీ ఆ చేతిలోకి వచ్చాయి. కానీ వాడు ముఖం తిప్పి దెబ్బ కోసం ఎదురుచూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నాకు పిచ్చి లేదు, నా కళ్లు మంచివే. ఆ సంతోషం గుక్కెడు నీళ్లు తాగినంతసేపు ఉంది. ఆ వెంటనే ఇంకోటి తట్టింది. ఇద్దరం చూశామంటే, మరి ఆ మనిషి ఎవరు?

తిరుగు బండిలో మళ్లీ ముందు అద్దం దగ్గరికే పోయాం, ఈసారి యాకూబే లాక్కుపోయాడు. మా పక్కన ఒక ముసలమ్మ, చక్రాల సంచి పట్టుకుని ఫొవామ్ దగ్గరి మార్కెట్‌కి పోతోంది. నేను అద్దంలోకి బిగుసుకుపోయి చూడటం గమనించి, తన రెండు అరచేతులూ కళ్లకి అటూ ఇటూ దొప్పల్లా పెట్టి అద్దానికి ఆనించి చూపించింది. భాష అక్కర్లేదు, అర్థమైంది. నేనూ, యాకూబూ అలాగే పెట్టి చూశాం. పెట్టెలోని వెలుతురు ఆగిపోయింది, అద్దంలోని మా బొమ్మలు పోయాయి. నది కింద సొరంగం ఖాళీగా, పట్టాలు మెరుస్తూ ఉన్నాయి. అంటే, వచ్చేటప్పుడు కనబడింది నేనే. దీపం వచ్చినప్పుడు "గ్రీన్" అన్నాను. "గ్రీన్" అన్నాడు యాకూబ్. ముసలమ్మ నవ్వి దిగిపోయింది.

సాయంత్రం ఖాజా హోటల్లో యాకూబ్ ఆర్డర్లు రాసుకునే కాగితం ఒకటి అడిగి తీసుకుని, లైటు ఆర్పి ఉందని, మనిషిని తానూ చూశానని రాసి, సంతకం పెట్టి ఇచ్చాడు. ఏ ఆఫీసులోనూ దానికి విలువ లేదు. వెనక పక్క పాలక్ పనీర్ రెండు, నాన్ నాలుగు అని ఉంది. నా పాస్‌పోర్టులో దాచుకున్నాను, ఇంటికొచ్చాక సరోజకి చూపించాను, ఆవిడ కళ్లు తుడుచుకుని దేవుడి పటం వెనక పెట్టింది. వాణ్ని క్షమించానా అంటే ఇప్పటికీ చెప్పలేను. వచ్చే రంజానుకి షీర్ ఖుర్మా గిన్నె వస్తే మాత్రం తలుపు తీస్తాను. ఇన్నాళ్లూ నాకు భయం నా మీద ఉండేది. ఇప్పుడది నా మీద నుంచి లేచి సిర్పూర్ దారిలో ఆ పట్టాల నడుమకి పోయి నిలబడింది. యాకూబ్ ఇంకా నెలకి నాలుగుసార్లు ఆ దారినే బండి తీసుకుపోతాడు.

పోయేవాళ్లకి ఒక్క సలహా. పది దాటాక నాలుగో లైను ఎక్కండి, మొదటి పెట్టెలో నిలబడండి, నది కిందికి దిగేటప్పుడు ఆ ముసలమ్మ నేర్పినట్టు కళ్లకి రెండు చేతులూ అడ్డం పెట్టి అద్దానికి ఆనించి చూడండి. మీ బొమ్మ మాయమై పట్టాలు మాత్రమే మిగులుతాయి, భయం ఉండదు. సిర్పూర్ అడవిలో మాకు ఆ ఉపాయం కూడా పనికొచ్చేది కాదు. లైటు ఆర్పే ఉంది.