మూడో అంగుళం నుంచి మొదలయ్యే టేపు

కత్తెరమ్మ నోట్లో గుండుసూదులున్నంతసేపూ వీధికి క్షేమం. సూదులు తీసిందంటే మాటలు బయటికొస్తాయి, అవి సూదులకన్నా లోతుగా దిగుతాయి. ఆ వీధిలో బట్టలు కుట్టే దుకాణాలు ఇంకో రెండున్నాయి. అయినా జనం తిట్లు తిని మరీ ఆమె దగ్గరికే వస్తారు. ఆమె కుట్టిన చొక్కా భుజం మీద కూర్చున్నట్టు ఇంకెవరు కుట్టినా కూర్చోదు. ఆ సంగతి అందరికన్నా ముందు ఆమెకే తెలుసు.

దుకాణం ఒకటే గది. ముందు భాగాన వీధివైపు తిప్పిన కుట్టుమిషను, దాని వెనక కత్తిరింపుల బల్ల, ఇస్త్రీపెట్టె. ఇంకా వెనక, మూలన, ఒక ముక్కాలి పీట. ఆ పీట మీద ఆమె తోడికోడలు కూర్చుని కాజాలు తీస్తుంది, గుండీలు కుడుతుంది, కొలతలు రాస్తుంది. మరిది పోయాక వచ్చి కూర్చున్నదే, పదకొండేళ్లయింది. అందరికీ ఆమె "చిన్నది". పలకరిస్తే "ఊఁ" అంటుంది, కోప్పడితే "సరే అక్కా" అంటుంది.

"దానికి దేవుడు నోరిచ్చింది తినడానికే," అని వచ్చినవాళ్లందరితోనూ చెప్పేది కత్తెరమ్మ, చిన్నది వింటుండగానే.

ఒకరోజు పక్క సందులో ఉండే నర్సమ్మ కొలతలివ్వడానికి వచ్చి, నిలబడ్డచోటే ఫోను చూసుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమిటమ్మా ఆ ఇకఇకలు? నేను టేపు పెట్టానా, చక్కిలిగింత పెట్టానా?"

"నువ్వు కాదు పిన్నీ, కొంగమ్మ! గురువారం గురువారం ఫోన్లో వస్తుంది ఈ బొమ్మల కథ. చూడు ఒకసారి."

కొంగమ్మ ఒక వడ్రంగి. చెవి మీద పెన్సిలు, మెడ ఒక మూర. అడవిలో జంతువులన్నీ మంచాలు చేయించుకోవడానికి ఆమె దగ్గరికొస్తాయి, తిట్లు తిని పోతాయి. ఆ వారం ఏనుగు వచ్చి "నాకు సన్నమంచం చాలు" అంటుంది. కొంగమ్మ దాన్ని తల నుంచి తోక దాకా చూసి, "మంచం సన్నగానే చేస్తా. మరి కింద నేల గట్టిదేనా?" అంటుంది.

కత్తెరమ్మ పడీపడీ నవ్వింది. నోట్లో సూదులు జలజలా రాలాయి. మూడో తరగతితో బడికి దణ్ణం పెట్టిన మనిషి, పేపరు కూడబలుక్కుని చదవాలంటే ఆమెకు విసుగు. ఇందులో బొమ్మకి ఒక ముక్కే. అదీ తను అనగలిగిన ముక్కే. అప్పటికప్పుడు నర్సమ్మ చేత తన ఫోన్లోనూ పెట్టించుకుంది.

ఆనాటి నుంచి గురువారం పదయితే మిషను ఆగాల్సిందే. కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని ఒక్కో బొమ్మా చూసేది, అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చూసేది. పైగా కొంగమ్మ ఎవరో కూడా కనిపెట్టేసింది.

"ఇది మన పిండిమరావిడేనే చిన్నదీ! ఆ ముక్కు చూడు. ఆ మెడ సాచి అరవడం చూడు. ఎవడోగాని అచ్చుగుద్దినట్టు దించాడు."

"ఊఁ," అంది చిన్నది, గుండీ మీద నుంచి తల ఎత్తకుండా.

ఊరుకుంటే కత్తెరమ్మ ఎందుకవుతుంది? ఫోను పట్టుకుపోయి పిండిమరావిడకే చూపించింది. ఆవిడ కొంగని చూసింది, కత్తెరమ్మని చూసింది, మళ్లీ కొంగని చూసింది.

"నాకింకెవరో గుర్తొస్తున్నారు వదినా."

"ఎవరు?"

"ఎందుకులే. మర ఖాళీగా తిరుగుతోంది, పోవాలి."

కొంగమ్మ కథలో కత్తెరమ్మకు నచ్చనిది ఒక్కటే. "ప్రతి బొమ్మలోనూ ఆ మూల ఖాళీ పీట ఎందుకే? ఎవరూ కూర్చోరు, ఏమీ పెట్టరు. చోటు దండగ!" అనేది. చిన్నది దానికీ "ఊఁ" అనేది.

కత్తెరమ్మ టేపు సంగతి ఇక్కడ చెప్పాలి. ఎన్నో ఏళ్ల కిందట ఇస్త్రీపెట్టె కింద పడి దాని కొస మూడంగుళాలు కాలిపోయింది. కొత్త టేపు కొననంది. "చెయ్యి దీనికి అలవాటు పడింది, మారిస్తే నా కొలతే తప్పొస్తుంది," అంది. అప్పటి నుంచి మూడో అంగుళం దగ్గర పెట్టి కొలుస్తుంది, కాలిన కొస బొటనవేలి కింద దాస్తుంది. తను "ముప్ఫైతొమ్మిది" అని అరిస్తే చిన్నది ముప్ఫైఆరు రాయాలి. వచ్చిన కొత్తలో చిన్నది ఒకసారి ఆ మూడు తీసెయ్యడం మర్చిపోతే పోలీసాయన పంట్లాం గుమ్మం దాటేలోపు మోకాళ్ల దాకా జారింది. ఆ తర్వాత ఎప్పుడూ తప్పు రాలేదు. ఈ గుట్టు వాళ్లిద్దరికే తెలుసు. కత్తెరమ్మ మొగుడికి కూడా తెలియదు, ఆయన బట్టలూ ఆ టేపుతోనే కుట్టించుకున్నాడు.

ఆ గురువారం కొంగమ్మ దగ్గరికి జిరాఫీ వచ్చింది. కొంగమ్మ టేపు తీసింది. దాని కొస కాలి ఉంది. మొదట కనపడే అంకె మూడు. కొంగమ్మ ఆ కొసని కాలివేలి కింద దాచి "నూటమూడు!" అని అరిచింది. పక్క బొమ్మలో, ఖాళీ పీట దగ్గర పలక మీద, నూరు అని రాసి ఉంది.

కత్తెరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. తన టేపు వంక చూసింది, ఫోను వంక చూసింది. ఏనుగు గుర్తొచ్చింది. బేకరీ ఆయన "కాస్త బిగుతుగా కుట్టమ్మా" అంటే, "బిగుతుగానే కుడతా, గుండీ ఎగిరి ఎదుటివాడి కంట్లో పడితే పూచీ ఎవరిది?" అన్నది తనే. ఇన్ని వారాలూ తను పగలబడి నవ్వింది తన మాటలకే. బొమ్మ కింద అంకె చూసింది. నలభైవేల మంది చూశారట.

వెనక్కి తిరిగింది.

"చిన్నదీ. ఈ కొంగ ఎవరే?"

చిన్నది సూది దిండుకి గుచ్చింది. ఎవరూ చెప్పకుండా పని పక్కన పెట్టడం పదకొండేళ్లలో అదే మొదలు.

"నువ్వే అక్కా."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి విన్నానుగాని, బొమ్మలు గీసి వీధిన పెట్టేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా! నలభైవేల మందే! నలభైవేల మంది నన్ను చూసి నవ్వారా?"

"నీ మాట విని నవ్వారు. నువ్వూ నవ్వావు. సూదులన్నీ రాలిపోతే నేనేగా ఏరింది."

చిన్నదాని నోట ఒక్కసారిగా అన్ని మాటలు ఎన్నడూ రాలేదు. గోడ మాట్లాడినట్టుంది కత్తెరమ్మకి.

"ఎప్పుడు గీశావే? నా కళ్లెదుటే పడుంటావుగా!"

"కళ్లెదుట కాదక్కా, వెనకాల. కత్తిరింపు కాగితాల మీద, గుర్తులు పెట్టే పెన్సిలుతోనే. రాత్రి నా ఫోన్లో ఫొటో తీసి పెడతా."

"ఇవాల్టితో ఆపెయ్. మళ్లీ గురువారం ఆ కొంగ కనబడితే నీకూ నాకూ చెల్లు."

"సరే అక్కా," అని సూది మళ్లీ చేతికి తీసుకుంది చిన్నది.

అంత సులువుగా అనేసరికి కత్తెరమ్మ గతుక్కుమంది. కొంగమ్మ ఇక రాదు. నోటి దురుసు ఉన్న మనిషికి తనంత దురుసు మనిషి దొరకడం తేలిక కాదు, దొరికితే దాన్నీ తనే చంపేసింది. మాట వెనక్కి తీసుకోవడమా, ప్రాణం పోయినా కాదు. అందుకని పోట్లాటే పొడిగించింది.

"నన్ను కొంగని చేశావు, బేకరీ ఆయన్ని ఏనుగుని చేశావు. మరి నిన్ను నువ్వేం చేసుకున్నావమ్మా? నెమలివా?"

చిన్నది లేచి వచ్చి ఫోను మీద వేలు పెట్టింది. ఖాళీ పీట మీద.

"ఇది నేను."

"పీటా?"

"పీట మీద."

"దాని మీద ఎవరూ లేరే!"

"నువ్వు అన్నదీ అదేగా అక్కా. చోటు దండగని."

కత్తెరమ్మ నోట్లో అప్పుడు ఒక్క సూది కూడా లేదు. అయినా మాట రాలేదు.

లేచి మిషను చెక్క పట్టుకుని లాగింది. నేల మీద నాలుగు కాళ్ల గుంటలు బయటపడ్డాయి. లాగి, తిప్పి, మూలన ఉన్న పీటకి ఎదురుగా పెట్టుకుంది. ఇప్పుడు వెలుతురు వీపు మీద పడి కుట్టు సరిగ్గా కనపడదు. సరే, అవస్థ పడదాం అనుకుంది.

"వచ్చే గురువారం రావాల్సిందే," అంది, ఎటో చూస్తూ. "కొంగ ముక్కు కాస్త తగ్గించు. ఆ పీట మీద ఎవరో ఒకర్ని కూర్చోబెట్టు."

గురువారం వచ్చింది. కొంగమ్మ ముక్కు వీసమెత్తు తగ్గలేదు. పీట కింద మాత్రం రెండు పాదాలున్నాయి. పైన ఏమీ లేదు.

"కాళ్లే వేశావేమే? మిగతాది అడవి మింగిందా?"

"నేనెలా ఉంటానో నాకు తెలియదక్కా. మన అద్దం వచ్చినవాళ్ల వైపే తిరిగి ఉంటుందిగా."

"లే. ఇటు రా. చేతులెత్తు."

పదకొండేళ్లలో చిన్నదానికి ఆమె కొలతలు తీసింది లేదు. తను విడిచిన బట్టలే ఇచ్చేది, అవే వేసుకునేది. అలవాటుగా కాలిన కొస బొటనవేలి కింద దాచబోయి, ఎవరి దగ్గర దాస్తున్నానని వేలు తీసేసింది. టేపు నడుము చుట్టూ తిప్పింది.

"ఇరవైతొమ్మిది."

"ఇరవైఆరు," అంది చిన్నది, రాసేటప్పటి అలవాటు.

కత్తెరమ్మ అదిరిపడింది. మళ్లీ చుట్టింది. మళ్లీ ఇరవైతొమ్మిదే. తన పాత బట్టలకి నడుము దగ్గర ముప్ఫైఎనిమిది. చిన్నదాని భుజం పట్టుకుని వెనక్కి తిప్పి, పైబట్ట ఎత్తి చూసింది. వీపు పొడుగునా పిన్నీసుల వరస, ఒకదాని కింద ఒకటి.

"ఏమిటే ఇవి?"

"నీ నడుము కాస్త ఎక్కువ కదక్కా."

ఊళ్లో అందరి భుజాలూ సరిచేసిన మనిషి తను, తన దుకాణంలో తన వెనకాలే ఉన్న ఇది చూసుకోలేదు. కత్తెరమ్మ ఒక్కో పిన్నీసూ తీసి నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టింది. అన్నీ తీశాక బల్ల మీద కొత్త గుడ్డ పరిచింది.