నాన్న జ్వరానికి అడవిని నిందించాను

మా నాన్నకు మొదటిసారి చలి పుట్టింది ఎండాకాలంలో, మిట్టమధ్యాహ్నం. పామాయిల్ మిల్లులో ఫిట్టరుగా రిటైరై అప్పటికి నెల కూడా కాలేదు. అశ్వారావుపేట దాటాక అడవి అంచున మా ఇల్లు. నేను కొత్తగూడెంలో ఎలక్ట్రికల్ డిప్లొమాతో ఒక వర్క్‌షాపులో పనిచేస్తూ, వారానికోసారి ఇంటికి వచ్చేవాణ్ని. ఆ శనివారం నాన్న వాకిట్లో పాత మోటారు విప్పుతూ, స్పానరు కింద పెట్టి "దుప్పటి తే" అన్నాడు.

"గింత ఎండల దుప్పటి ఏందయ్యా? పని లేకపోతే గిట్లనే అయితదా?" అని అమ్మ నవ్వింది. ఆయన పళ్లు టకటకా కొట్టుకోవడం చూశాక ఆమె నవ్వు ఆగిపోయింది.

చలి, ఆ తర్వాత కాలిపోయే జ్వరం, ఆపైన బనియను పిండితే నీళ్లు కారేంత చెమట. మర్నాడు ఏమీ లేదు. ఆ మర్నాడు మళ్లీ అదే వరస. దవాఖానాలో వేలి రక్తం తీసి స్మియర్ పరీక్ష చేశారు. "వైవాక్స్ మలేరియా" అన్నారు డాక్టరు గారు. జ్వరం తగ్గడానికి క్లోరోక్విన్ రాశారు. తర్వాతి మందు ఒంటికి పడుతుందో లేదో చూసే జీ సిక్స్ పీడీ రక్తపరీక్ష చేయించి, అది నార్మల్ అని తేలాక రెండు వారాలు వాడమని ప్రైమాక్విన్ ఇచ్చారు. "జ్వరం పోయింది కదా అని ఇది ఆపొద్దు. పురుగు లివర్‌లో దాక్కుని ఉంటుంది" అని గట్టిగానే చెప్పారు.

తర్వాతి శనివారాల్లో నేను అడిగాను. "మాత్రలు అయిపోయినయా నాన్నా?"

"అవ్, అయిపోయినయ్. నువ్వు ఇన్‌స్పెక్టర్ లెక్క అడగకురా."

వానలు పడ్డాక జ్వరం మళ్లీ వచ్చింది. డాక్టరు గారు మొదట అడిగిన ప్రశ్న కోర్సు పూర్తి చేశారా అని. నాన్న తడుముకోకుండా "చేసిన సార్" అన్నాడు. ఆ జవాబు మీదే మిగతాదంతా నిలబడింది. "అయితే కొత్తగా దోమ కుట్టి ఉంటుంది. అడవి పక్కన ఉంటే ఈ రిస్క్ ఉంటూనే ఉంటుంది" అన్నారాయన. మందులు మళ్లీ ఇచ్చారు. చలికాలంలో మూడోసారి వచ్చేసరికి నాన్న చిక్కిపోయి, బెల్టు కొత్త బెజ్జానికి చేరింది. కంటి కింది రెప్ప లాగి చూస్తే రక్తం లేక తెల్లగా ఉండేది.

ఊరు మారదామన్న మాట మొదట నాన్నే తెచ్చాడు. కర్ణాటకలో సింధనూరు దగ్గర తెలుగు రైతులు వెళ్లి స్థిరపడ్డ ఊళ్లో, అక్కడ క్యాంపు అంటారు, మా మేనత్త ఉంది. "రిటైరైనోనికి ఏ ఊరైతే ఏందిరా. ఈ గాలి నాకు పడ్తలేదు. చెల్లె దగ్గర్నే ఉంటం" అన్నాడు.

నేను కాగితం మీద రెండు వరసలు రాశాను. ఉండిపోతే, వెళ్లిపోతే. దవాఖానా దూరం, నీళ్లు, దోమలు, అమ్మకు కన్నడం రాకపోవడం, అక్కడ నాకు పని దొరుకుతుందా. ఉండిపోవడానికే ఎక్కువ కారణాలు తేలాయి. వెళ్లిపోవడానికి ఉన్నది ఒక్కటే: నాన్న బతకాలి. ఆ ఒక్కటి మిగతావన్నీ కొట్టేసింది. నేను వర్క్‌షాపులో రాజీనామా ఇచ్చాను. ఇల్లు అమ్ముతామని ఊళ్లో చెప్పాం. ముందు కొన్నాళ్లు ఉండి చూద్దామని ముగ్గురం అత్త ఇంటికి వెళ్లాం.

వెళ్లిన నాలుగో రోజే ఆయన దుప్పటి అడిగాడు.

అక్కడి డాక్టరుకు తెలుగు వచ్చు. పాత చీటీలు తిరగేసి, "ఇక్కడి దోమ పని ఇంత తొందరగా బయటపడదు. మీ ఊళ్లోనే మళ్లీ కుట్టి ఉండాలి, లేదా పాతదే లివర్‌లోంచి లేచి ఉండాలి. ప్రైమాక్విన్ చివరిదాకా వేసుకున్నారా?" అని అడిగాడు.

నాన్న కంటే ముందు అత్త అందుకుంది, గర్వంగా. "మా అన్నకు మందులతో పనేంటండీ! జ్వరం ప్రార్థనతోనే తగ్గిందని చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాడు. వదిన ఫోన్లో చెప్తే ఇక్కడ మా సంఘంలో కూడా చెప్పాను."

మాది చర్చికి వెళ్లే కుటుంబం. కష్టం తీరినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పడం మా దగ్గర మామూలే. మొదటిసారి జ్వరం దిగగానే నాన్న చెప్పాడట. ఆ ఆదివారం నేను కొత్తగూడెంలో డ్యూటీలో ఉన్నాను. ఆయన వైపు చూశాను. ఆయన తన చెప్పుల వైపు చూశాడు.

బయట బెంచీ మీద అడిగితే నాన్న ఒప్పుకున్నాడు. మొదటిసారి ప్రైమాక్విన్ సగంలో వదిలేశాడు. తర్వాత వచ్చినప్పుడల్లా జ్వరం దిగేదాకా చాటుగా మింగి, మిగతావి మళ్లీ వదిలేశాడు.

"సాక్ష్యం చెప్పినంక మళ్ల మాత్ర మింగుతుంటే ఎవరన్న చూస్తే? నేను అబద్ధాలోన్ని కానా?"

"మరి నాకు చెప్పింది అబద్ధం కాదా?"

"నువ్వు ఇంటోనివే గదరా" అన్నాడు.

అమ్మ కొంగు సర్దుకుంటూ, "నేను చెప్దామనే అనుకున్న బిడ్డా" అంది. అంటే ఆమెకూ తెలుసు. నేను రెండు వరసలు రాస్తుంటే నా పక్కన కూర్చుని చిక్కుళ్లు తుంచింది ఆమే.

మేము ఇల్లు అమ్మలేదు. తిరిగి వచ్చాం. ఈసారి ప్రతి మాత్ర అన్నం తిన్నాక నా ఎదుట మింగాడు. నోరు తెరిచి చూపించమన్నాను కూడా. "నేనేమన్న పసిపోరగాన్నా?" అని కసిరాడు, కానీ చూపించాడు. కోర్సు అయిపోయిన ఆదివారం చర్చిలో లేచి, "దేవుడు నన్ను మాత్రల తోటి బాగుచేసిండు. మునుపు చెప్పింది సగమే" అన్నాడు. వెనక ఎవరో "ఆమెన్" అన్నారు. ఆ తర్వాత ఇప్పటిదాకా జ్వరం రాలేదు. అదే ఇల్లు, అదే అడవి, అదే గాలి. దోమతెర కట్టుకుని పడుకుంటారు. నా ఉద్యోగంలో వేరేవాళ్లు చేరిపోయారు. నేను ఏన్కూరులో కాలిన మోటార్లకు వైరు చుట్టే షాపులో పనిచేస్తున్నాను. శనివారాలు ఇంటికి వెళ్తాను. నాన్న బెల్టు మళ్లీ పాత బెజ్జానికి వచ్చింది. సంఘం ముందు తన మాట సరిదిద్దుకున్నాడు గానీ, నాతో ఆడిన అబద్ధం సంగతి ఇంకా ఎత్తలేదు. నేనూ అడగలేదు.

జబ్బు కోసం ఊరు, రాష్ట్రం మారాలనుకుంటున్నవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. ముందు ఖాళీ అయిన మాత్రల షీట్లు తెచ్చి చూపించమనండి. "అయిపోయినయా" అని అడిగితే "అవ్" అనడం ఎవరికైనా సులువు, ముఖ్యంగా ఇంటివాళ్లతో.