సీసాలో చెరువు నీళ్ళు

పందొమ్మిది వందల అరవైల్లో ఒకసారి, చిలకలూరిపేట నుంచి గుంటూరు వెళ్ళే బస్సులో నా పక్కన ఒక కూలీ మనిషి కూర్చుంది. ఆమె ఒళ్ళో ఒక నీళ్ళ సీసా ఉంది.

"పత్తికి మందు కొట్టిన డబ్బాలు మా చెరువులోనే కడుగుతున్నారు బాబూ. తాగిన పిల్లలకి ఒకటే వాంతులు. కలెక్టరుగారికి చూపిద్దామని," అంది.

లైబ్రరీలో సొంతంగా చదువుకున్నవాణ్ణి కదా, మానవ హక్కుల ప్రకటన అందుకున్నాను. ప్రపంచ దేశాలు కలిసి తిండి, బట్ట, ఇల్లు, వైద్యం ప్రతి మనిషికీ హక్కని రాసుకున్నాయని బస్సంతా వినేలా చెప్పాను.

"మంచినీళ్ళు కూడా రాశారా?" అని ఆశగా అడిగింది.

ఎంత గుర్తు చేసుకున్నా ఆ మాట తగల్లేదు. లేదన్నాను.

"పోన్లే బాబూ, ఆళ్ళ చెరువులు బాగుండుంటాయి," అని నన్నే ఓదార్చింది.

దిగేటప్పుడు కూడా ఆమె ముఖం చూడలేకపోయాను.