కొండను తిప్పిన కడియం

ఆ రోజుల్లో ప్రపంచంలో ఎవరికీ తెలియనిదేదో నాకొక్కడికే తెలుసన్న ధీమా ఉండేది నాకు. వసంత్ కుంజ్‌లో ఒక పంజాబీ ఆంటీ మేడ మీద గది అద్దెకు తీసుకుని, కొండల మీద పరిశోధన వెలగబెడుతున్నాను. నా ప్రశ్న ఒక్కటే. హిమాలయాల్లో విల్లులా వంగిన ఒక కొండవరుస పుట్టుకతోనే వంకరా, లేక తిన్నగా పుట్టి కోట్ల ఏళ్లలో మెల్లగా వంగిందా? రాయి తాను పుట్టిన నాటి ఉత్తర దిక్కును లోపల దాచుకుంటుంది. తాడు మీద వరసగా బాణాలు గీసి తాడును వంచితే బాణాలూ తిరుగుతాయి కదా, కొండ వంగినా అంతే. కాకపోతే రాయిని ఊడదీసే ముందు దిక్సూచి పెట్టి, దాని మీద ఇవాళ్టి ఉత్తరం సరిగ్గా గీసుకోవాలి. (చిన్నపిల్లలు కూడా చేసే పని.)

తూర్పు కొస రాళ్లు తెచ్చుకున్నాక మెట్ల మీద జారి మణికట్టు బెణికింది. ఆంటీ అయ్యో అయ్యో అని, బీపీకని కొనుక్కున్న తన అయస్కాంతపు కడియం తీసి, "పహన్ లే బేటా, దర్ద్ ఖీంచ్ లేగా" అని, అది నొప్పి లాగేస్తుందంటూ నా చేతికి తొడిగింది. కన్నతల్లి లాంటి మనిషి, కాదనలేకపోయాను. దానితోనే పడమటి కొసకు వెళ్లొచ్చాను. ల్యాబ్‌లో చూద్దును కదా, తూర్పు వాటితో పోలిస్తే పడమటి రాళ్ల బాణాలన్నీ మూకుమ్మడిగా పక్కకు తిరిగి ఉన్నాయి. కొండ వంగింది, నా దశ తిరిగింది అనుకున్నాను. మర్నాడే కమిటీ ముందు సెమినార్. అది గట్టెక్కకపోతే రిజిస్ట్రేషన్ పోయి, తెనాలిలో బ్యాంకు పరీక్షలకు కూర్చోవడమే.

మా గైడు అనంతపురం మనిషి. అంతా విని, దిక్సూచి ఎట్ల పట్టుకున్నావో చూపించమన్నాడు. పట్టుకున్నాను. ముల్లు నా కడియం వైపు ఆత్రంగా తిరిగింది.

"కొండ తిరగలేదప్పా, నీ చెయ్యి తిప్పింది" అన్నాడాయన. దిక్సూచి తీసుకుని, "రేపు చెప్తావా, దాస్తావా?" అన్నాడు.

ఆ రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే కమిటీ ముందు కడియం తీసి బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఒక మేడం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, ఆరు నెలలు గడువిచ్చింది. ఒట్టి చేతులతో మళ్లీ పడమటి కొసకు వెళ్లాను. ఆ కొండ నిజంగానే వంగింది, కాకపోతే నా కడియం వంచినంత కాదు.

ఇప్పుడు నా విద్యార్థుల చేతికి దిక్సూచి ఇచ్చే ముందు గడియారాలూ గాజులూ తీయిస్తాను. వాళ్లు నన్ను చాదస్తుడనుకుంటారు, అనుకోనీ. ఆంటీ ఫోన్ చేసినప్పుడల్లా చెయ్యి ఎలా ఉందని అడుగుతుంది. మీ కడియంతోనే తగ్గిపోయిందని చెబుతాను. చలికాలంలో ఆ మణికట్టు ఇంకా లాగుతూనే ఉంటుంది. అప్పుడు అదే కడియం తొడుక్కుని, ఆ ధీమా కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.