పెదనాన్న ఉలి, నాన్న పానా

పోయిన మంగళవారం పొద్దున్నే మా ఊళ్ళోనే ఉన్న భవానీపురం నుంచి ఫోన్ వచ్చింది. మా పెదనాన్న పోయాడు. పెద్దమ్మ ఏడవకుండానే చెప్పింది. "దగ్గుతూనే పడుకున్నాడమ్మా. పొద్దున లేపబోతే ఒళ్ళు చల్లగా ఉంది" అంది. ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి ఆయన చెక్కిన సింహద్వారాలున్నాయో లెక్కలేదు. ఆ ఇళ్ళల్లో ఎవరికీ ఆయన పేరు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. కొంచెం కోపంగానే రాస్తున్నాను.

మా తాత వడ్రంగి. ఇద్దరు కొడుకులకూ చెక్కడం పని నేర్పాలనుకున్నాడు. పెద్దకొడుకు, అంటే పెదనాన్న, నేర్చుకున్నాడు. మా నాన్నకి అంత ఓపిక లేదు. బెంజ్ సర్కిల్ వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజుల్లో ఒక ప్లంబర్ వెంట వెళ్ళిపోయాడు. "అన్న లక్ష్మీదేవిని చెక్కుతుంటే నువ్వు కక్కూసు గొట్టాలు బిగిస్తావట్రా?" అని తాత చాలాకాలం మాట్లాడలేదట.

ఒక్కోసారి అన్నదమ్ములిద్దరికీ ఒకే ఇంట్లో పని పడేది. పెదనాన్నకి ఇంటివాళ్ళు కుర్చీ వేసి కాఫీ ఇచ్చేవాళ్ళు. గృహప్రవేశానికి పిలిచి బట్టలు పెట్టేవాళ్ళు. నాన్న పెరటివైపు నిలబడి టీ తాగి వచ్చేసేవాడు. కూలిలోనూ అంతే తేడా. అందులో తప్పేమీ ఉన్నట్టు నాన్నకి ఎప్పుడూ అనిపించలేదు.

పెదనాన్న చెక్కేది ఎక్కువగా నెమళ్ళు. పనిచేస్తూ మాతో కబుర్లు చెప్పేవాడు గానీ, నెమలి కన్ను దగ్గరికి వచ్చేసరికి మాట ఆపేసేవాడు. "ఇప్పుడు పలకరించమాకండి. ఇదెటు చూస్తదో నాకే తెలీదు" అనేవాడు.

కొండపల్లి వెళ్ళే దారిలో తలుపుల షాపు పెట్టినాయన ఒకసారి ఇంటికొచ్చి, మేస్త్రి గారూ మేస్త్రి గారూ అంటూ జంట నెమళ్ళ తలుపు చేయించుకున్నాడు. బేరమాడలేదు. అంత మర్యాదస్తుణ్ణి చూడలేదని పెదనాన్న ఇంటిల్లిపాదికీ చెప్పాడు.

కొన్నాళ్ళకి నాన్న ఒక కొత్త అపార్ట్‌మెంట్లో లీకేజీ చూడ్డానికి వెళ్ళాడు. ప్రతి అంతస్తులో, ప్రతి తలుపు మీదా అవే జంట నెమళ్ళు. వెంటనే అన్నకి ఫోన్ చేశాడు. నేనే పెదనాన్నని స్కూటర్ మీద తీసుకెళ్ళాను. ఆయన తలుపు ముందు నిలబడి, నెమలి మెడ మీద బొటనవేలితో మెల్లగా తడిమాడు.

"ఇది నాదేరా" అన్నాడు నాన్నతో. "నే చెక్కిన టేకులో ఇక్కడ ముడి ఉంది. అది తప్పించుకుందామని ఈ ఈకని పక్కకి వంచా. దీంట్లో ముడేదీ? అయినా వంగే ఉంది, చూడు."

పక్క ఫ్లాట్ తలుపు చూశాడు. పై అంతస్తుకి ఎక్కి అక్కడా చూశాడు. అన్నిట్లోనూ ఆ ఈక అక్కడే వంగి ఉంది.

పెదనాన్న తలుపుని షాపువాళ్ళు స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టుకున్నారు. మిగతాదంతా మెషిన్ చెక్కుతుంది. పెదనాన్న షాపుకి వెళ్ళి అడిగాడు. షాపాయన కోప్పడలేదు, అదే మర్యాదతో జవాబు చెప్పాడు. "డబ్బులిచ్చి కొనుక్కున్నా కదండీ మేస్త్రి గారూ. నా తలుపు నేనేం చేసుకుంటే మీకెందుకండీ?" పెదనాన్న తిరిగి వచ్చేశాడు.

ఆ తర్వాత ఆర్డర్లు ఆగిపోయాయి. ఆయన కొనే టేకు ఖరీదుకే ఆ షాపులో తలుపు తయారై వస్తుంటే ఎవరు మాత్రం వస్తారు? "నాతో రా అన్నయ్యా" అన్నాడు నాన్న. పెదనాన్న ఒక ఎండాకాలమంతా తమ్ముడి వెనకాల పైపులు మోశాడు. సింకు కింద దూరితే మోకాళ్ళు లేవనిచ్చేవి కావు. ఒకావిడ "పెద్దాయన్ని తెచ్చారేంటండీ?" అని నాన్నని ఆయన ముందే అడిగింది. మర్నాటి నుంచి ఆయన వెళ్ళలేదు.

చివరికి ఆ తలుపుల షాపులోనే చేరాడు. మెషిన్ చెక్కాక మూలల్లో మిగిలే పీచుని సాండ్‌పేపర్‌తో రుద్దడం ఆయన పని. రోజంతా ఆ చెక్కపొడిలోనే కూర్చునేవాడు. దగ్గు అక్కడ మొదలైంది. ఒకరోజు ఊరుకోలేక ఉలి తీసి ఒక నెమలి కన్ను సరిచేశాడట. "వద్దండీ మేస్త్రి గారూ. అన్నీ ఒకేలా ఉండాలి" అన్నాడట షాపాయన.

చేతిపని వచ్చినవాడికి మెషిన్లతో భయం లేదని పేపర్లలో రాస్తుంటారు. ఏ చేతిపని అన్నది మాత్రం రాయరు. నాన్నకి ఇవాళ అడిగినంత ఇస్తున్నారు. ఏ రెండు బాత్రూముల్లోనూ గోడ వెనక పైపులు ఒకలా ఉండవు, అక్కడ మెషిన్ దూరలేదు. పెదనాన్న మాత్రం షాపువాళ్ళు ఇచ్చినంతే తీసుకున్నాడు. ఇందులో పనితనం ప్రసక్తి ఎక్కడుందో నాకు అర్థం కాదు. ఈ మాటే ఒకసారి పెదనాన్నతో అంటే నవ్వాడు.

"నా పని కళ్ళకి కనబడుద్ది గదమ్మా, చూసినోడు ఎత్తుకుపోయాడు. మీ నాన్న పని గోడలో ఉంటది. ఎవడు చూస్తాడు?"

ఆ మాట వింటూ నాన్న తల దించుకున్నాడు. తర్వాత నాతో "అన్నయ్య ఒక్క ఈక చెక్కే ఓపిక నాకు జన్మలో రాలేదే. ఎక్కువ కూలి నాకా?" అన్నాడు.

దహనం అయ్యాక కృష్ణ ఒడ్డు నుంచి అందరం పెదనాన్న ఇంటికి వచ్చాం. వాకిట్లో కాళ్ళు కడుక్కుని ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు. చివర మిగిలిన నాన్న కుళాయి కట్టేశాడు. అయినా నీళ్ళు పూర్తిగా ఆగలేదు, బొట్లు పడుతూనే ఉన్నాయి. ఆయన తడి పంచెతోనే వెళ్ళి స్కూటర్ డిక్కీలోంచి పానా, ఒక వాషర్ తెచ్చాడు. గొంతుక్కూర్చుని కుళాయి విప్పి, వాషర్ మార్చి బిగించాడు. నీళ్ళు ఆగిపోయాయి. ఆయన బిగిస్తూనే ఉన్నాడు.

"చాల్లే అబ్బాయ్, ఆగింది" అంది పెద్దమ్మ గుమ్మంలోంచి.

నాన్న చెయ్యి ఆపాడు గానీ లేవలేదు. పానాని రెండు చేతులా పట్టుకుని ఆ కుళాయి ముందు అలాగే కూర్చుండిపోయాడు.