పంచదార ప్రశ్న

1963లో బోధన్ ప్రాంతానికి స్కూళ్ల డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగా వచ్చాను. మాది తెనాలి వైపు. అప్పట్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. అది లేకపోతే ఇన్‌స్పెక్టరు ఉద్యోగానికి పనికిరానని కూడా అనుకునేవాణ్ణి.

చెరకు తోటల మధ్య ఒక చిన్న ఊరు, దానికి రెండు ప్రాథమిక పాఠశాలలు. ఒకటి కాలువ అవతల, చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్ల దగ్గర. రెండోది ఇవతల, రైతుల వాడలో. రెండింటినీ పోల్చి, వెనకబడిన బడిలో మూడో తరగతి ఎత్తేసి ఇంకోదాంట్లో కలపమని ఆఫీసు ఆదేశం.

"మొగపిల్లలు కాల్వ దాటి పోతరు సారు. ఆడపిల్లల్ని మాత్రం తోలరు. ఆళ్ల సదువు గింతే అయితది," అన్నారు ఇవతలి బడికి ఏకైక ఉపాధ్యాయులైన రాజన్న సారు. విన్నాను, తల ఊపాను, అంతే.

రెండు చోట్లా అవే ప్రశ్నలు వేశాను. చదవడం, ఎక్కాలు సమానంగానే వచ్చాయి. చివరగా, "పంచదార దేనితో చేస్తారు?" అన్నాను. క్వార్టర్ల పిల్లల్లో చాలామంది మా వైపు నుంచి వచ్చిన ఉద్యోగుల పిల్లలు. టక్కున చెప్పారు. ఇవతలి బడిలో ఒక్కరూ నోరు విప్పలేదు. కిటికీ బయటే చెరకు తోట. నాకు ఒళ్లు మండిపోయింది. విజిట్ బుక్‌లో, అంటే తనిఖీకి వచ్చినవాళ్లు అభిప్రాయం రాసే పుస్తకంలో, "సామాన్య జ్ఞానం శూన్యం" అని గీకేశాను. రాజన్న సారు చాయ్ కోసం ఒక పిల్లను తన ఇంటికి పంపారు.

ఆయన ఇంటి నుంచి మూడో తరగతి పిల్ల లచ్చవ్వ చాయ్ తెచ్చింది. ఒక గుక్క తాగి, "కాస్త పంచదార తెచ్చిపెట్టమ్మా," అన్నాను. ఆ పిల్ల బిక్కమొహం వేసి సారును చూసింది.

"సక్కెర, బిడ్డా," అన్నారాయన మెల్లగా.

"పంచదార అంటె సక్కెరనా?" లచ్చవ్వ నా వైపు తిరిగింది. "గట్లనే అడగకపోతిరి సారు. సెరుకుతోని అయితది. మా బాపు బండి మీద ఫ్యాక్టరీకి తోలేది గదే."

నాకు తల కొట్టేసినట్లయింది. ఫ్యాక్టరీ పేరులోనే చక్కెర ఉంది, అయినా నా నోటికి ఇంట్లో పలికిన మాటే వచ్చింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు మాస్టారూ?"

"పోరగాండ్ల ముంగట మిమ్ముల ఎట్ల దిద్దాలె సారు? మీ ఇజ్జత్ పోదా?"

తన బడిలో మూడో తరగతి పోతుందని తెలిసీ నా పరువు కాపాడాడు ఆ మహానుభావుడు. నాకు కళ్లనీళ్లొచ్చాయి.

మళ్లీ తరగతిలోకి వెళ్లి అదే ప్రశ్న ఈసారి చక్కెర అన్న మాటతో అడిగాను. పిల్లలు నరకడం నుంచి రసం కాచడం దాకా ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. రాసినది కొట్టేసి, "తప్పు నా ప్రశ్నది. మూడో తరగతి ఇక్కడే ఉండాలి," అని సంతకం పెట్టాను. ఆఫీసు ఒప్పుకుంది.

ఆ తర్వాత ఏ ఊరి బడికి వెళ్లినా, ప్రశ్న వేసేముందు "దీన్ని మీరేమంటారు?" అని పిల్లలనే అడిగేవాణ్ణి. మరుసటేడు అదే బడికి వెళితే మూడో తరగతిలో ఐదుగురు ఆడపిల్లలు కూర్చుని ఉన్నారు.